మా వాడి పేరు మీద దొర ఇల్లు

ఇల్లు మా ధర్మరాజ్ పేరు మీద రాయిస్తే ఏ చిక్కూ ఉండదని బ్రోకరు సుందరరాజన్ చెప్పినప్పుడు నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. ఏ చిక్కూ ఉండదని ఎవరైనా అంటే నాకు అక్కడే గుండె జారుతుంది. చిక్కు లేని పనికి ఆ మాట చెప్పాల్సిన అవసరమేముంది? తెడ్డు చేతిలో అట్లాగే ఉండిపోయింది. అడుగంటిన వాసనకు మా ఆయన బయటినుంచి కేకేస్తే గానీ నేను ఈ లోకంలోకి రాలేదు.

ఆ ఇల్లు మాది కాదు. కొనాలనుకున్నది వాల్టర్ దొర. దొర అని మేము అలవాటు కొద్దీ అంటాం గానీ ఆయనకు ఏ అధికారమూ లేదు. అమెరికాలో ఏదో చిన్న ఊళ్ళో బడిపంతులుగా చేసి మానుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. చిన్న వయసులో ఒకసారి ఇక్కడికి వచ్చి, పాపారపట్టి చుట్టుపక్కల ఎండిన బావులు లోతు చేసే పనిలో మా వాళ్ళతో కలిసి మట్టి మోశాడు. మా ఆయన మారిముత్తు బావిలోకి దిగి రాయి కొడుతుంటే పైన తాడు పట్టుకునేది దొరే. ఒకసారి తాడు జారబోతే అరచేతుల తోలు ఊడినా వదల్లేదట. ఆ తాడు సంగతి చెప్పకుండా మా ఆయన దొర పేరు ఎత్తడు. అందుకే దొర ఏమడిగినా మా ఇంట్లో కాదనేవాళ్ళు లేరు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం మొదట్లో ఆయన మళ్ళీ వచ్చాడు. అప్పుడు నేర్చుకున్న అరవం ఇంకా మరిచిపోలేదు. ముక్కలు ముక్కలుగా మాట్లాడినా మాకు అర్థమయ్యేది. నల్లంపల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మా ఆయనను గట్టిగా కావలించుకుని, నన్ను అక్కా అని పిలిచి, అరుగు మీద కూర్చుని తన ఆలోచన చెప్పాడు. హొగెనకల్ జలపాతం చూడడానికి బెంగుళూరు నుంచీ మద్రాసు నుంచీ జనం వస్తున్నారు, అప్పుడప్పుడు తెల్లవాళ్ళు కూడా వస్తున్నారు, వాళ్ళు శుభ్రంగా పడుకుని లేచే చోటు లేదు. ఒక ఇల్లు కొని బాగుచేసి, వచ్చినవాళ్ళకు రెండు రోజులకో మూడు రోజులకో అద్దెకు ఇస్తే బాగుంటుంది. తను కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ ఉండొచ్చు.

నేను ఇల్లు అద్దెకివ్వడం ఎరుగుదును. సంసారం వస్తుంది, పొయ్యి రాజేసుకుంటుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. సైకిలు షాపులో గంటకింత అని సైకిలు ఇచ్చినట్టు ఇల్లు రోజుకింత అని ఇవ్వడం నాకు వింతగా ఉంది. వచ్చేవాడు ఎవరో, పోయేవాడు ఎవరో. కావేరికి వరద వస్తే పుట్టి పడవలు ఆపేస్తారు, అప్పుడు ఒక్కడూ రాడు. వరద లేనప్పుడు వచ్చినవాడు ఏ బండ మీదనో కాలు జారి నీళ్ళలో పడితే, ఏ ఇంట్లో దిగాడని మొదట అడుగుతారు. ఈ మాట అంటే దొర నవ్వి, అందుకే అన్ని రోజులూ నిండుతాయని లెక్కేసుకోకూడదు అక్కా, సగం ఖాళీ అనే అనుకోవాలి అన్నాడు. నేను చెప్పింది ఖాళీ గురించి కాదు.

పాపారపట్టి దాటాక పెన్నాగరం దారిలో ఒక పాత రాతి ఇల్లు ఆయనకు నచ్చింది. సొంతదారు సేలంలో ఉండే గౌండరు. కొంత అడ్వాన్సు తీసుకుని, రిజిస్ట్రేషను అయ్యేలోపు మరమ్మతు మొదలుపెట్టుకోమన్నాడు. పని మా ధర్మరాజ్‌కు ఇచ్చారు. వాడు మేస్త్రీ, తండ్రి దగ్గరే పని నేర్చాడు. ముందరి గోడ ఉబ్బి ఉంటే దించి మళ్ళీ కట్టాడు. పుచ్చిపోయిన ద్వారబంధం తీసేసి, వేప చెక్కతో కొత్తది చేయించి తన చేత్తోనే నిలిపాడు. నేను వెళ్ళి చూశాను. నా కొడుకు పని అని చెప్పడం కాదు, తలుపు వేస్తే వెంట్రుక దూరే సందు లేదు.

అంతా అయ్యాక తెలిసింది, పరాయిదేశం మనిషి ఇక్కడ ఇల్లు కొనాలంటే రిజర్వు బ్యాంకు ఒప్పుకోవాలని. దొరకు ఆ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు. బ్రోకరుకు తెలిసే ఉంటుందని నా అనుమానం. ఆ ఒప్పుదల రావడానికి ఏళ్ళు పడుతుంది, రాకపోనూ వచ్చు, అంతకంటే నమ్మకమైన ఒక మనిషి పేరు మీద కొనేద్దాం, దొరదే ఇల్లు అని లోపల ఇంకో కాగితం రాసుకుందాం అన్నాడు సుందరరాజన్. నమ్మకమైన మనిషి అంటే తాడు పట్టుకున్న దొరకు మారిముత్తు కొడుకు కాక ఇంకెవరు కనబడతారు? మా వాడు ఇల్లు చూసుకోవాలి, వచ్చినవాళ్ళకు తాళం ఇవ్వాలి, వచ్చే అద్దెలో వాడికి వాటా. దొర తర్వాత ఇల్లు వాడిదే.

ధర్మరాజ్ ముఖం ఆ రోజు చూడాలి. వాడికి ఇరవై ఏడేళ్ళు. మా ఇంటి వెనక గోడ ఇప్పటికీ మట్టిదే.

నేను అడిగినవన్నీ వాళ్ళకు చాదస్తంగా వినిపించాయి. మేస్త్రీ పని చేసేవాడికి ఇల్లు కొనేంత ఎక్కడిది అని ఇన్‌కంటాక్సు వాళ్ళు అడిగితే ఏం చెప్తాడు అన్నాను. ఈ పల్లెల్లో ఎవరు అడుగుతారు అన్నాడు బ్రోకరు. తెల్లవాళ్ళను ఇంట్లో దింపుకుంటే ప్రతి ఒక్కరి పేరూ ఊరూ రాసి పోలీసు స్టేషన్లో ఇవ్వాలంట గదా అన్నాను. ఇస్తే సరి అన్నాడు మా వాడు. పోలీసుల దగ్గరికి మనంతట మనం నడిచి వెళ్ళడం వాడికి ఏమీ అనిపించలేదు. దొర తన దేశంలో ఏదైనా తప్పు చేసి ఇక్కడికి వచ్చాడేమో అని కూడా ఒకసారి అనుకున్నాను గానీ, మా ఆయన కళ్ళలో చూసి ఆ మాట మింగేశాను.

అట్లా ఉండగా ఒక పొద్దున టీ కొట్టు దగ్గర పాల కోసం నిలబడి ఉంటే, ఎవరో పేపరు చదివి పక్కవాళ్ళకు చెబుతున్నారు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొంటే ఇక నేరమని ఢిల్లీలో కొత్త చట్టం చేశారట. జైలు కూడా ఉందట. పాలు పోయించుకున్నానో లేదో కూడా గుర్తు లేదు, ఇంటికి వచ్చి చూస్తే చెంబు ఖాళీగా ఉంది.

"అది మద్రాసులో సినిమావాళ్ళకూ స్మగ్లర్లకూ మ్మా," అన్నాడు ధర్మరాజ్. "మనలాంటోళ్ళ కోసం ఢిల్లీలో కూర్చోని చట్టం చేస్తారా?"

"పట్టుకునేటప్పుడు మనలాంటోళ్ళనే గదా ముందు పట్టుకునేది."

"నువ్వు నా పెళ్ళినాడు కూడా పందిరి మీద పడుతుందని ఏడ్చినావు."

పందిరి పడలేదు, నిజమే. కానీ ఆ పందిరి గుంజ ఒకటి నేను చెప్పాకే మళ్ళీ పాతారు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

రిజిస్ట్రేషనుకు రోజు చూశారు. దానికి ముందు వారం ఒక మధ్యాహ్నం, అందరం అన్నాలకు కూర్చున్నాం. పేరు మనదే కాబట్టి కొత్త వాకిట్లో పాలు మనమే పొంగించాలి నాయనా అన్నాడు ధర్మరాజ్, ఉత్సాహంగా. మా ఆయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగాడు.

"వాకిలి ఎవురు నిలిపింది?"

"నేనే. చూసినావు గదా."

మా ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రీ ఎవరి ఇంటికైనా వాకిలి నిలపవచ్చు, తన ఇంటికి తాను నిలపకూడదు. ద్వారబంధం ఎత్తేరోజు వేరే మేస్త్రీని పిలిచి, తాంబూలమిచ్చి, అతని చేత నిలిపించుకోవాలి. ఇంకో మనిషి చెయ్యి పడితేనే అది ఇల్లని, లేకపోతే కట్టినవాడిని అది పనివాడిగానే ఎరుగుతుంది, యజమానిగా ఒప్పుకోదని మా మామ చెప్పేవాడు. మా బావగారు ఆ మాట వినలేదు. తన వాకిలి తానే నిలుపుకున్నాడు. ఏడు తిరగకుండా పెరియంపట్టిలో గోడకు కట్టిన సారువ కర్రల మీద నుంచి పడి నడుము విరిగింది. ఇప్పటికీ మంచం మీదే. మా ఆయన పోలీసులకు భయపడడు, చట్టాలు ఆయన చెవికి ఎక్కవు, కానీ ఈ ఒక్క మాట దగ్గర రాయిలా ఉంటాడు.

అది దొర ఇంటికని నిలిపింది గదా, పేరు కాగితం మీదే గదా అని ధర్మరాజ్ ఎంతో చెప్పి చూశాడు. మా ఆయన చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, ముత్తు అనే ఇంకో మేస్త్రీని పిలుచుకురావడానికి పెరియంపట్టి బస్సెక్కాడు. నాకు ఆ కట్టుబాటు భయం వేరే. నేను ఇన్నాళ్ళూ తలుచుకున్న జైలూ పోలీసులూ చాలక, ఇప్పుడు కొడుకు నడుము కూడా చేరింది.

మర్నాడు అందరం పాపారపట్టి వెళ్ళాం. ముత్తు మా ఆయన ఈడువాడు, మేస్త్రీ, నెమ్మదిగా మాట్లాడతాడు. గడ్డపార తీసి ద్వారబంధం చుట్టూ సున్నం పగలగొట్టడం మొదలుపెట్టాడు. ధర్మరాజ్ దూరంగా నిలబడి, తన పని తన కళ్ళ ముందు ఊడుతుంటే గోడ వైపు తిరిగాడు. దొర అప్పటికే ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, వెనక వైపు స్టవ్ మీద టీ పెట్టుకుంటున్నాడు. చప్పుడుకు గ్లాసు పట్టుకునే వచ్చాడు. చెద పట్టిందా అని అడిగాడు.

"చెద ల్యా దొరా," అన్నాడు మా ఆయన. "మావోడు నిలిపింది మావోనికి పనికిరాదు. ముత్తు మళ్ళా నిలుపుతాడు."

"ధర్మరాజ్‌కు ఎందుకు పనికిరావాలి? ఇల్లు నాది కదా?"

"పత్రం వాని పేరు మీద రాస్తా ఉండారు గదా."

"అది పేరు మాత్రమే, మారిముత్తూ. ఇల్లు నాది."

మా ఆయన తలెత్తి దొర ముఖంలోకి చూశాడు. కోపం లేదు. బావిలో అడుగున నిలబడి పైకి చూసే మనిషిలా ఉన్నాడు.

"పేరు పడినాక ఇల్లు వానిదే గదా దొరా. వానిది కాకపోతే పేరు ఏంటికి?"

ఇద్దరూ ఇన్ని నెలలుగా ఒకే మాట అనుకుంటున్నామని నమ్మి రెండు మాటలు అనుకున్నారని అప్పుడు నాకు కనబడింది. మా ఆయనకు పేరంటే ఇల్లు. పేరు మా వాడికి ఇచ్చి ఇల్లు తాను ఉంచుకోవచ్చని దొరకు ఎవరో చెప్పారు, ఆయన నమ్మాడు. ముత్తు గడ్డపార ఆపాడు. ద్వారబంధం అప్పటికే వదులై గోడకు ఆనుకుని ఉంది. దాన్ని పట్టి మెల్లగా కింద పడుకోబెట్టాడు. ఇంటి ముందు పెద్ద బొక్క పడింది.

బ్రోకరుకు ఎట్లా తెలిసిందో మోపెడ్ మీద వచ్చాడు. విని నవ్వి, ఇంతేనా, సర్కారు ముందు ధర్మరాజ్‌ది, మన మధ్య దొరది, ఇందులో ఇంత ఆలోచన ఏముంది అన్నాడు. ముత్తును, నువ్వు నిలిపెయ్యి, ఎండ ఎక్కుతోంది అన్నాడు.

ముత్తు కదల్లేదు. "తాంబూలం ఎవురు ఇస్తారో చెప్పండి, నిలుపుతా," అన్నాడు. "ఇంటాయన ఇయ్యాల. ఇంటాయన ఎవురు?"

మగవాళ్ళ మధ్య నేను మాట్లాడను. మాట్లాడితే వణుకు వస్తుంది. ఆ రోజు మాట్లాడకపోతే వచ్చే వణుకు ఇంకా పెద్దదని తోచింది. దొరా, మీ దేశంలో మీ సర్కారుకు ఈ ఇంటి సంగతి చెప్పాల్సిన పని ఉందా అని అడిగాను.

ఉందన్నాడు. వాళ్ళ దేశం వాళ్ళు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఏడాదికోసారి అక్కడ రాసి చెప్పాలట. అద్దె ఎంత వచ్చింది, మరమ్మతుకు ఎంత అయింది, ఇక్కడ పన్ను ఎంత కట్టాడు, అన్నీ. ఇక్కడ కట్టిన పన్నును అక్కడ కట్టాల్సిన దానిలో తగ్గిస్తారట. ఒకే అద్దెకు రెండుసార్లు కట్టకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు.

"ఇల్లు ఎవురిదని రాస్తావు?"

"నాదని. అబద్ధం రాయలేను అక్కా."

"ఈడ మావోడు ఏమని రాస్తాడు?"

దొర బ్రోకరు వైపు చూశాడు. ఇక్కడ ఎవరూ ఏమీ రాయరమ్మా అన్నాడు బ్రోకరు. పన్ను కట్టకపోతే రసీదు ఎట్లా వస్తుంది అన్నాడు దొర. కడితే మాత్రం రసీదు ధర్మరాజ్ పేరు మీద వస్తుంది కదా, అది నాదని అక్కడ ఎట్లా చూపించాలి అని కూడా అడిగాడు. ఇది మాత్రం బ్రోకరును అడిగినట్టు లేదు, తనను తానే ప్రశ్నించుకున్నట్టుంది.

నాకు రసీదు సంగతి తెలియదు. నాకు కనబడింది ఒకటే.

"ఆడ నాదని నువ్వు రాస్తావు. ఈడ నాదని మావోడు రాస్తాడు. ఎప్పుడన్నా ఆ రెండు కాగితాలూ ఒక బల్ల మీదికి వచ్చినాయనుకో. నువ్వు విమానం ఎక్కి పోతావు దొరా, పోకూడదని నేను అనను. మావోడు ఏడికి పోతాడు? నల్లంపల్లి దాటితే వాన్ని ఎరిగినోళ్ళు లేరు."

"అమ్మా, చాలు," అన్నాడు ధర్మరాజ్.

దొర చేతిలో టీ చల్లారిపోయింది. కింద పడుకోబెట్టిన ద్వారబంధం మీద కూర్చోబోయి, ఏమనుకున్నాడో లేచి మట్టిలో కూర్చున్నాడు. ఇది నేను ముందే అడగాల్సింది అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. తర్వాత మా ఆయన దగ్గరికి వెళ్ళి అరచేతులు చూపించి ఏదో మెల్లగా చెప్పాడు. మా ఆయన తలూపాడు. ఏం చెప్పాడని నేను ఇప్పటికీ అడగలేదు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ధర్మరాజ్ నా పక్కన కూర్చోలేదు. ముందర, డ్రైవరు వెనక నిలబడ్డాడు. నల్లంపల్లిలో దిగాక, మా ఆయన కిళ్ళీ కొట్టు దగ్గర ఆగితే, అప్పుడు మాట్లాడాడు.

"ఊర్లో వాళ్ళ ఇళ్ళకంతా వాకిళ్ళు నిలిపినా మ్మా. ఒక్కటన్నా నాది అనుకుంటే నీకు ఏమైపోయింది?"

నేను జైలని ఏదో అనబోయాను. వాడు అప్పటికే నడిచిపోతున్నాడు. చొక్కా వెనక సున్నం మరక. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు. అయినా చాపలేదు.

దొర సేలం వెళ్ళి ఒక ఆడిటరును కలిశాడు. బ్రోకరు మాట కాకుండా ఇంకొకరి మాట వినడం అదే మొదలట. ఆ ఆడిటరు చెప్పినది దొర మా అరుగు మీద కూర్చుని మాకు చెప్పాడు. ఇంకొకరి పేరు మీద కొనడం ఇక తలపెట్టకూడదు. అట్లా కొంటే, రేపు పేరున్నవాడు ఇల్లు నాదే పొమ్మంటే దొర కోర్టుకు కూడా వెళ్ళలేడు. పేరు పెట్టుకున్నవాడూ నేరంలో భాగస్తుడే. కొనకుండా గౌండరు దగ్గర ఐదేళ్ళకు లీజుకు తీసుకోవచ్చు, అందుకు పరాయిదేశం మనిషికైనా అడ్డు లేదు. కానీ ఆ ఇల్లు వచ్చినవాళ్ళకు రోజువారీ ఇచ్చి సంపాదించాలంటే అది వ్యాపారం, దానికి రిజర్వు బ్యాంకుకు రాసి అడగాలి. జవాబు వచ్చేదాకా ఒక్కరిని కూడా డబ్బుకు దింపకూడదు. జవాబు వచ్చాక ఇక్కడ పన్ను దొరే తన పేరున కడతాడు, ఆ రసీదే అక్కడ చూపిస్తాడు.

అయితే ఈ ఏడు అద్దె రాదు అన్నాడు మా ఆయన. రాదు అన్నాడు దొర. మరమ్మతుకు పెట్టిందంతా గౌండరు గోడలకే పోతుంది కదా అన్నాను నేను. అవునన్నాడు. ఐదేళ్ళు నేను ఆ గోడల మధ్య ఉంటాను, అది చాలు అన్నాడు. నాకు మాత్రం ఐదేళ్ళ తర్వాత గౌండరు పొమ్మంటే ఈ వయసులో ఈయన ఎక్కడికి పోతాడన్న దిగులు అప్పుడే మొదలైంది.

ఈ మాటలన్నీ అయ్యేటప్పుడు ధర్మరాజ్ ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రాలేదు. నాతో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, ఇంకొంచెం వేస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. కోడలు అటూ ఇటూ మా మాటలు మోసేది. వాడు బెంగుళూరులో పనికి పోతాడేమో, అక్కడ ఎత్తు మేడల మీద పని, మా బావగారిలా పడతాడేమో అని నేను వాడి చొక్కా జేబులు కూడా తడిమి చూసేదాన్ని, బస్సు టికెట్టు ఏమన్నా కొన్నాడేమోనని. జేబులో బీడీలు తప్ప ఏమీ ఉండేవి కావు. బీడీలు ఎప్పుడు మొదలుపెట్టాడో అది ఇంకో బెంగ.

పాపారపట్టిలో ఇంటి ముందు బొక్కకు దొర గోనెసంచులు కుట్టి వేలాడదీసుకున్నాడు. పాము దూరుతుందని నేను మా ఆయనతో రోజూ పోరేదాన్ని. ముత్తును రమ్మంటే, లీజు రాసుకోనీ, ఇంటాయన ఎవరో తేలనీ అన్నాడు.

ఒక సాయంత్రం ముత్తే మా ఇంటికి వచ్చాడు. ఇక తను రావాల్సిన పని లేదని చెప్పాడు. పొద్దున్నే ధర్మరాజ్ ఒక్కడే వెళ్ళి, గోనెసంచులు తీసేసి, ఆ వేప ద్వారబంధాన్ని తానే మళ్ళీ నిలిపాడట. దొర తాంబూలం ఇస్తే తీసుకున్నాడట. కూలి కూడా అడిగి తీసుకున్నాడట, ముందు చేసినప్పుడు మన పనే గదా అని తీసుకోనిది.

మా ఆయన విని, మంచిది అన్నాడు. వాడు తన చేత్తో నిలిపాడంటే అది ఎదుటివాడి ఇల్లేనని ఒప్పుకున్నట్టు, దాన్ని తన మనసులోంచి తీసేసినట్టు అని ఆయన లెక్క. నాకు అంతా నేను కోరుకున్నట్టే జరిగింది. అయినా ఆ పూట అన్నం సయించలేదు. వాడు ఒక్కడే ఆ బరువు ఎట్లా ఎత్తి నిలిపాడో, ఎవరినైనా సాయానికి పిలిచాడో లేదో ముత్తు చెప్పలేదు.

లీజు రిజిస్ట్రేషను పెన్నాగరంలో. ధర్మరాజ్ వెళ్తున్నాడని తెలిసి, నన్ను రమ్మని ఎవరూ అనకపోయినా నేనూ వెళ్ళాను. గౌండరు సేలం నుంచి కారులో వచ్చాడు. సుందరరాజన్ కూడా వచ్చాడు, కొనుగోలు పోయినా లీజు మీద తన కమీషను తనకు వస్తుందని. రాయించాక గుమాస్తా ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. ఒకరు గౌండరు మనిషి. రెండో సాక్షికి దొర చుట్టూ చూసి, మా వాడి దగ్గర ఆగాడు. అడగలేదు. అడిగే హక్కు లేదనుకున్నాడేమో.

ధర్మరాజ్ నా వైపు చూశాడు. ఎన్నో రోజుల తర్వాత.

సంతకం సంతకమే గదా. నేను గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళి, సాక్షి సంతకం పెడితే రేపు ఏమన్నా వస్తే సాక్షిని కూడా పట్టుకుంటారా అని అడిగాను. గుమాస్తా తలెత్తకుండా, పత్రంలో ఉన్నవాళ్ళు తన ముందే సంతకం చేశారని చెప్పడమేనమ్మా, ఇల్లు నాదని చెప్పడం కాదు అన్నాడు. అయినా కోర్టుకు పిలిస్తే అని అడిగాను. పిలిస్తే వచ్చి చూసింది చెప్పాలి అన్నాడు. చూసింది చెప్తే చాలా అన్నాను. వెనక గౌండరు విసుక్కున్నాడు.

"చూసింది చెప్తాలే మ్మా," అన్నాడు ధర్మరాజ్. "చూసినాను గదా అంతా."

గొంతులో కోపమే ఉంది. కానీ మాట్లాడింది నాతోనే. బల్ల మీద పెన్ను తీసుకుని వంగాడు. నేను వాడి భుజం పక్కకు జరిగి, వాడి పేరు సాక్షి అన్న చోటే పడుతోందా, ఇంకెక్కడైనా పడుతోందా అని, నాకు ఆ అరవం అక్షరాలు సరిగ్గా రాకపోయినా, చివరి అక్షరం దాకా చూస్తూ నిలబడ్డాను.